గంగమణి చేతికివ్వని పాస్‌పోర్టు

ఆ రోజు నేను ఒక ఆడమనిషి పాస్‌పోర్టును ఆమె చేతికివ్వలేదు. వేరే మనిషి చేతికిచ్చి, ఆమెకే ఇచ్చినట్టు రికార్డులో నమోదు చేశాను. తపాలా ఉద్యోగంలో నేను చేసిన పొరపాట్లు ఇంకా ఉన్నాయి. వాటిలో ఒక మనిషి జాడ తెలియకుండా పోయింది మాత్రం దీనివల్లే.

కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం అది. ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట వెళ్లే దారిలో ఉన్న ఒక ఊళ్లో నేను సబ్ పోస్ట్‌మాస్టర్‌ని. ఊరి పేరు రాయను. ఇల్లు కామారెడ్డిలో. పొద్దున బస్సుకు ఎల్లారెడ్డి చేరి, అక్కడ ఇంకో బస్సు పట్టుకునేవాణ్ని. రిటైర్మెంట్‌కు రెండేళ్లున్నాయి. సబ్ పోస్ట్‌మాస్టర్ అంటే చిన్న ఆఫీసుకు పెద్ద దిక్కు. కింద ఒక పోస్ట్‌మ్యాన్, పైన సబ్ డివిజన్ ఇన్‌స్పెక్టర్, ఆపైన సూపరింటెండెంట్. పోస్ట్‌మ్యాన్ సెలవు పెడితే కిటికీ దగ్గర ఉత్తరాలిచ్చే పని కూడా నాదే. దాన్ని విండో డెలివరీ అంటాం.

స్పీడ్ పోస్టులో వచ్చే వాటిలో పాస్‌పోర్టు కవరుది ప్రత్యేకమైన పద్ధతి. మామూలు కవరైతే ఇంట్లో పెద్దవాళ్లెవరికిచ్చినా సరిపోతుంది. పాస్‌పోర్టు కవరును మాత్రం దాని మీద పేరున్న మనిషికే, గుర్తింపు కార్డు చూసి, చేతికివ్వాలి. మనిషి దొరక్కపోతే కొన్ని రోజులు ఆఫీసులో డిపాజిట్‌లో ఉంచి, వచ్చిన చోటికే తిప్పి పంపాలి. ఇచ్చేటప్పుడు ఆఫీసు ఫోన్‌లో ‘స్వయంగా’ అన్న మాట నొక్కి, ఆ ఫోన్ అద్దం మీదే వేలితో సంతకం తీసుకుంటాం. ఈ నియమం ఎందుకు పెట్టారో నేనెప్పుడూ ఆలోచించలేదు. దొంగల కోసం అనుకునేవాణ్ని.

ఆ రోజు పోస్ట్‌మ్యాన్ సెలవు. పదకొండింటికి భూమేశ్ వచ్చాడు. అతను పదేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినవాడు. మనుషులను పంపించే లైసెన్సు ఏదీ లేదు, కానీ ఊళ్లో ఎవరికి వీసా కావాలన్నా అతని దగ్గరికే పోయేవారు. ఎప్పుడొచ్చినా చేతులు జోడించి నమస్తే పెట్టేవాడు. రంజాన్ నెలలో నాకు ఖర్జూరాల డబ్బా, ఒకసారి సెంటు సీసా తెచ్చిచ్చాడు. రెండూ తీసుకున్నాను.

“సార్, మా గంగమణక్క పాస్‌పోర్ట్ వచ్చిందట. ఇచ్చేయుండ్రి, నేను అటే పోతున్న,” అన్నాడు.

“ఆమె రావాలె భూమేశ్. నీకియ్యరాదు.”

“ఆమె వస్తే ఒక పూట బీడీల పని పోతది సార్. ఆడమనిషి, గింత ఎండల ఒక్క కవరు కోసం ఎందుకు తిప్పుతరు? ఫారం నింపిచ్చింది నేను, ఫోటో దిగిపిచ్చింది నేను. నాకిస్తే ఏమైతది?”

మా దిక్కు ఆడవాళ్ల కాగితాలు మగవాళ్ల చేతుల్లోనే తిరుగుతాయి. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, భూమి కాగితం ఏదైనా అంతే. అదొక మర్యాద అనుకుంటాం, ఆమెకు శ్రమ తప్పించామనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కవరు ఇచ్చాను. ఫోన్‌లో ‘స్వయంగా’ నొక్కాను. అద్దం మీద భూమేశ్ వేలితో ఏదో గీశాడు. చూస్తే సంతకంలాగే ఉంది. ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నప్పుడు ఒక బీడీ కార్మికురాలికి సాయం చేశానన్న తృప్తి కూడా కలిగింది. అది రాయకుండా దాస్తే మిగతాదంతా అబద్ధమవుతుంది.

గంగమణికి అప్పుడు ముప్పై ఐదేళ్లుంటాయి. భర్త చనిపోయాడు. అక్క సాయవ్వతో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ బీడీలు చుట్టేది. చదువు లేదు. దుబాయ్‌లో ఒక ముసలమ్మను చూసుకునే పని అని భూమేశ్ చెబితే, వానలు మొదలైనప్పుడు వెళ్లింది.

మూడు నెలలకు సాయవ్వ కిటికీ దగ్గరికి వచ్చింది. ఎంబసీకి రిజిస్టర్ ఉత్తరం రాయించాలంది. చేతిలో ఫోన్, అందులో చెల్లెలు పంపిన మాటలు. ఆమె పనిచేసే ఇంటివాళ్లు వారానికొకసారి, శుక్రవారం, ఫోన్ ఇస్తారట. సాయవ్వ వినిపించింది.

“అక్కా, ముసలమ్మ లేదు, ఏం లేదు. విమానం దిగినంక నాలుగు దినాలు ఒక అర్రల వెట్టిండ్రు. అందరం ఆడోళ్లమే. అండ్లకెల్లి నన్ను కారుల ఎక్కిచ్చుకొని గుట్టలల్లకెల్లి శానా దూరం తెచ్చిండ్రు. మూడు ఇండ్ల పని ఒక్కదాన్నే చేస్తున్న. ఇది ఏ ఊరో తెల్వదు. పోత అంటే పాస్‌పోర్ట్ లేదు, ఏడికి పోతవ్ అంటున్నరు. నా పాస్‌పోర్ట్ ఎయిర్‌పోర్ట్ లైన్ల నిలవడ్డప్పుడు ఇంత సేపు పట్టుకున్న అక్కా, గంతే. దిగంగనే ఒకడు గుంజుకున్నడు.”

నేను కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. ఏ దేశంలోని ఎంబసీకి రాయాలో తెలియలేదు. భూమేశ్ దుబాయ్ అన్నాడు. ఫోన్ నంబరు చూస్తే ఒమన్ అని చూపిస్తోంది. ఆ దేశాన్నే మా దిక్కు మస్కట్ అంటారు. ఆమె దుబాయ్‌లో దిగిందా, మస్కట్‌లో దిగిందా, ఒకచోట దిగితే ఇంకోచోట ఎలా ఉంది? సాయవ్వ నన్ను అడుగుతోంది, నేను సాయవ్వను అడుగుతున్నాను. పాస్‌పోర్టు నంబరు లేదు. వీసా కాగితం లేదు. పని చేయించుకునేవాడి పేరు లేదు. మనిషి పేరు, ఊరు తప్ప ఏమీ లేవు. రెండు దేశాలకూ రెండు ఉత్తరాలు రాశాను. నంబరు లేకుండా అవి చేరినా ఏం చేస్తారో నాకు అర్థం కాలేదు.

తర్వాత తెలుసుకున్న విషయం ఇక్కడ చెప్పాలి. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. దాన్ని ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అంటారు. అది ఉంటే ఎవరి దగ్గర, ఏ పనికి, ఏ ఒప్పందం మీద పోయిందో రికార్డుంటుంది. విజిట్ వీసా మీద చుట్టపు చూపుకు పోయేవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు. గంగమణిని ఆ సందులోంచే పంపారు. ఒక దేశంలో దింపి, రోడ్డు మీద ఇంకో దేశానికి దాటించారు. ఆమె పనికి పోయినట్టు లోకంలో ఎక్కడా రాసి లేదు.

సాయవ్వ పోలీసు స్టేషన్‌కు పోయింది. వాళ్లు భూమేశ్‌ను పిలిపించారు. అతను చెప్పింది ఒక్కటే: “నాకేం తెల్వదు సార్. ఆమె పాస్‌పోర్ట్ ఆమెనే తీస్కున్నది, ఆమెనే పోయింది. పోస్టాఫీసుల అడుగుండ్రి.”

వాళ్లు అడిగారు. డెలివరీ వివరాలు తెలపమని నా పేరున కాగితం వచ్చింది.

ఆ రికార్డు తెరిచి చూశాను. పేరు, తేదీ, సమయం, ‘స్వయంగా’, కింద సంతకం. అది చూస్తున్నకొద్దీ నా మనసులో ఇంకో దృశ్యం తయారైంది. ఆ రోజు ఆఫీసు ముందు ఒక ఆటో ఆగి ఉంది కదా. అందులో తలమీద కొంగు కప్పుకుని ఒక ఆడమనిషి కూర్చుంది కదా. అది గంగమణే కావచ్చు. భూమేశ్ ఆమె తరఫున దిగి వచ్చి ఉండొచ్చు. మొదటి రోజు ఇది అనుమానం. రెండో రోజుకు నమ్మకమైంది. మూడో రోజు ఆ కొంగు రంగు కూడా చెప్పగలిగే స్థితికి వచ్చాను. అబద్ధం ఆడుతున్నానని అనిపించలేదు. ఏది జరిగింది, ఏది నేను కల్పించుకున్నది అనే తేడా నిజంగానే తెలియకుండా పోయింది.

స్టేషన్‌కు జవాబు రాశాను. “రికార్డు ప్రకారం సదరు కవరు చిరునామాదారుకు స్వయంగా అందజేయబడినది.” ఒకే వాక్యం. నా రెండో తప్పు అది. మొదటిది ఏమవుతుందో తెలియక చేశానని సర్దిచెప్పుకోవచ్చు. ఇది మాత్రం నన్ను కాపాడుకోవడానికి రాసింది. ఆ వాక్యం భూమేశ్‌ను కూడా కాపాడింది.

నాలుగు రోజుల తర్వాత సాయవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి ఉత్తరం రాయమనలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది.

“సారూ, మీరు రాసిన కాగితం ఠాణాల చదివి చెప్పిండ్రు. మా గంగమణి సంతకం వెట్టి తీస్కున్నదట.”

“రికార్డుల గట్లనే ఉన్నది సాయవ్వా.”

“సంతకమా? ఎప్పుడు నేర్పిండ్రు సారూ మా చెల్లెకు?” అంది. “నెలనెలా గీ కిటికీ కాడనే నిలవడి మిషిన్ మీద వేలు వెట్టి బీడీల పింఛను తీస్కున్నది ఎవలు? బీడీలు చుట్టి చుట్టి వేలు అరిగిపోతే మిషిన్ వట్టకపోయేది. తుడుచుకొని మల్ల వెట్టు గంగమణీ, మల్ల వెట్టు గంగమణీ అని మీరే అనేటోళ్లు. పదిపార్లు వెట్టిపిచ్చిండ్రు. ఒక్కపారన్న సంతకం వెట్టుమన్నరా?”

వెనక పింఛను కోసం కూర్చున్న ముసలాయన ఒకరు, “గట్ల అడుగు బిడ్డా,” అన్నాడు. నలుగురూ మావైపే చూస్తున్నారు.

“ఆ దినం ఆటోల ఉన్నదనుకున్న సాయవ్వా. భూమేశ్ ఎంబడి వచ్చిందనుకున్న,” అన్నాను.

“ఆటో ఏడ ఆగుతది? గీ మెట్ల కాడ. మెట్ల కాడికి వచ్చినామె, తన కవరు తనది, నాలుగు మెట్లెక్కి రాదా సారూ? దానికేమన్న కాళ్లు లేవా?”

మూడు రోజుల్లో నేను కట్టుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నకు కూలిపోయింది. ఆటో ఉన్న మాట నిజమే అయ్యుండొచ్చు. అందులో ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. గంగమణి మాత్రం కాదు.

“ఆమె రాలేదు. భూమేశ్‌కు ఇచ్చిన,” అన్నాను. ఎవరికీ చెప్పని మాట అందరి ముందూ చెప్పాను. సాయవ్వ తిట్టలేదు. “మరి గదే రాసియ్యుండ్రి. మీరు రాసిందాన్నే వాడు గొడుగు లెక్క పట్టుకొని తిరుగుతున్నడు,” అంది.

రాయడం అంత తేలిక కాదు. తప్పుడు డెలివరీ చూపానని నేనే ఒప్పుకుంటే శాఖాపరమైన చర్య తప్పదు. పెద్దదైతే పింఛను దాకా పోవచ్చు. మరునాడు జరిగింది జరిగినట్టు రాసి, ఎల్లారెడ్డిలో మా సబ్ డివిజన్ ఇన్‌స్పెక్టర్ గారికి ఇచ్చాను. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. నా కాగితం చదివి పక్కన పెట్టాడు.

“పెద్దమనిషి మీరు. రెండేండ్ల సర్వీసున్నది. రికార్డు మంచిగనే ఉన్నది. వాడు తీస్కున్న అంటలేడు, మీరు ఇచ్చిన అనకుండ్రి. ఇప్పుడు ఎవడు అడిగిండని గెలుకుడు?”

“ఆమె అక్క అడిగింది సార్,” అన్నాను.

ఆయన పక్కన పెట్టిన కాగితం మళ్లీ ముందుకు లాక్కున్నాడు. తర్వాత కాగితం మీద రసీదు ముద్ర వేసి, ఒక ప్రతి నాకిచ్చి, “సరే. మంచిగనే చేస్తున్నరో, మతిపోయి చేస్తున్నరో నాకైతే తెలుస్తలేదు,” అన్నాడు. నాకూ తెలియలేదు. ఆ ప్రతి పట్టుకుని స్టేషన్‌కు వెళ్లాను. ముందు పంపిన జవాబు తప్పని, కవరు ఇచ్చింది భూమేశ్‌కని, అద్దం మీద సంతకం గీసింది అతనేనని రాసిచ్చాను.

భూమేశ్‌ను మళ్లీ పిలిపించారు. నేను అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాను. నన్ను చూసి అతను నమస్తే పెట్టలేదు.

“నేను దొంగతనం చేసిన్నా సార్?” అన్నాడు నాతోనే. “అడిగిన, మీరిచ్చిండ్రు. అడిగెటోడు వంద అడుగుతడు. ఇచ్చెటోనికుండాలె.”

ఇన్నేళ్లలో నా ఉద్యోగం గురించి నేను విన్న వాటిలో ఇంత సరైన మాట ఇంకోటి లేదు. చెప్పినవాడు భూమేశ్ అయినా సరే.

తనకేం తెలియదన్న మాట ఇక అతను అనలేకపోయాడు. తన ఫోన్ తీసి, పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటో, విజిట్ వీసా కాగితం, అవతల దింపుకున్నవాడి నంబరు చూపించాడు. అన్నీ అతని దగ్గర మొదటి నుంచీ ఉన్నాయి. అతని మీద కేసు నమోదైంది.

ఆ కాగితాలు పట్టుకుని సోమవారం సాయవ్వా నేనూ కామారెడ్డి కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లాం. అర్జీదారు సాయవ్వ. రాసింది నేను. ఇప్పుడు దరఖాస్తులో ప్రతి గడిలో నింపడానికి ఏదో ఒకటి ఉంది. ఆ అర్జీ ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి మస్కట్‌లోని ఎంబసీకి పోయింది. శుక్రవారం గంగమణి ఫోన్ చేసినప్పుడు సాయవ్వ పక్కన కూర్చుని నేను చదువుతుంటే, ఆమె ఆ పాస్‌పోర్టు నంబరును ఒక్కో అంకె చొప్పున చెల్లెలికి చెప్పింది. నాలుగోసారికి గంగమణి తిరిగి చెప్పింది.

అవతల దింపుకున్నవాడి నంబరు ద్వారా ఎంబసీ వాళ్లు ఆ ఇంటి యజమానిని వెతికి ఫోన్ చేశారట. కొన్ని వారాలకు అతనే ఆమెను తెచ్చి ఎంబసీ గేటు దగ్గర దింపేసి, పాస్‌పోర్టు ఇవ్వకుండా వెళ్లిపోయాడు. గేటు దగ్గర నంబరు అడిగితే ఆమె నోటికి చెప్పింది. అక్కడి ఆశ్రయంలో ఉండి, తాత్కాలిక ప్రయాణ పత్రం మీద చలికాలం చివర్లో ఇల్లు చేరింది.

వచ్చిన వారానికి ఆఫీసుకు వచ్చింది. చిక్కిపోయింది. కుడిచేతి మీద కాలిన మచ్చ ఉంది. ఎలా అయిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. క్షమించమని అడిగాను.

“కోపం లేదని అనను సారూ,” అంది. “భూమేశ్ మీదికంటె మీ మీదనే ఎక్కువున్నది. వాడు గసుంటోడని అందరికెర్కే. మీరు సర్కారోళ్లు గద.” వెళ్లబోతూ, “మా అక్క చెప్పింది, మల్ల మీరే రాసిచ్చిండ్రని. గదీ గుర్తున్నది, గిదీ గుర్తున్నది. రెండూ ఉంటయి,” అంది.

నాకు రూల్ 16 కింద చార్జిషీటు వచ్చింది. చిన్న శిక్షలకు వాడే నియమం అది. ఏ సాకూ చెప్పకుండా ఒప్పుకున్నాను. ఇంక్రిమెంటు ఆపారు. ఆ మచ్చతోనే రిటైరయ్యాను. అన్యాయం జరిగిందని ఎవరితోనూ అనలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది పెద్ద విషయమేమీ కాదు. పేరున్న మనిషి చేతికే ఇవ్వాలన్న నియమం దొంగల కోసం పెట్టింది కాదు. పరాయి దేశంలో ఒంటరిగా నిలబడే ఆడమనిషికి తానెవరో నిరూపించుకునే ఆధారం పాస్‌పోర్టు ఒక్కటే. దాన్ని ఆమె ఇంటి గడపలోనే మొదట పట్టుకుని చూడాలి. ఆమెకు నాలుగు మెట్ల శ్రమ తప్పించామని మనం అనుకునే చోటే ఆమె భద్రత మొదటిసారి చేజారుతుంది.

మిగిలిన సర్వీసులో ప్రతి ఆడమనిషి పాస్‌పోర్టూ ఆమె చేతికే ఇచ్చాను. కవరు నా ముందే విప్పించి, నంబరు నోటికి వచ్చేదాకా పంపలేదు. నవ్వినవాళ్లున్నారు, విసుక్కున్నవాళ్లున్నారు. రిటైరయ్యాక కూడా నెలకు రెండుసార్లు ఆ ఊరి బస్సెక్కుతున్నాను. బీడీలు అప్పజెప్పే రోజున కార్ఖానా ముందు ఆడవాళ్లు వరుసలో కూర్చుంటారు. ఎవరైనా గల్ఫ్‌కు పోయే ఆలోచనలో ఉంటే వాళ్ల వీసా కాగితం చూస్తాను. విజిట్ వీసా అయితే పనికి పోవద్దని చెప్తాను. అప్పుడప్పుడు గంగమణి కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది. నేను చెప్పేదానికంటే ఆమె చెప్పేదే ఎక్కువ వింటారు.

పోయిన నెల ఒకామె మా ఇద్దరి మాటా వినలేదు. విజిట్ వీసా మీదే వెళ్తానంది. ఆపడానికి నాకు ఏ అధికారమూ లేదు. ఆమె పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా కాగితం, పంపించేవాడి ఫోటో రెండేసి ప్రతులు తీయించి, ఒకటి ఆమె తల్లికిచ్చాను, ఒకటి నా దగ్గర పెట్టుకున్నాను. చెప్పిన రోజుకు ఫోన్ రాకపోతే మొదట ఎవరి దగ్గరికి పోవాలో, ఏ కాగితం ముందు చూపించాలో ఆ తల్లితో చెప్పించుకున్నాను. రెండుసార్లు తడబడింది. మూడోసారి తప్పు లేకుండా చెప్పింది. అప్పుడు లేచి కామారెడ్డి బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను.